దోశ వెయ్యి, జోకు వెయ్యి

పిల్లలూ, ఇంగ్లీషులో జోకు చెబుతారు. తెలుగులో జోకు వేస్తాం. అసలు తెలుగువాళ్ళం వేసేవి చాలా ఉన్నాయి. తలుపు వేస్తాం, ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, చొక్కా వేసుకుంటాం. మనం వేయకపోయినా వాటంతట అవే వేసేవి కూడా ఉన్నాయి. ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది. ఇక ఐర్లండ్‌లో చలి సంగతి చెప్పక్కర్లేదు, జూన్‌లో కూడా వేస్తుంది.

ఇప్పుడు ఈ కింది మాటలు ఇద్దరు కలిసి పైకి చదవండి. ఒకరు అమ్మ, ఒకరు మీరు.

"అమ్మా, చలి వేస్తోంది."

"తలుపు వెయ్యి."

"వేశాను. అయినా వేస్తోంది."

"అయితే స్వెటర్ వేసుకో."

"వేసుకున్నాను. ఇప్పుడు ఆకలి వేస్తోంది."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"దోశ వెయ్యి."

(కొందరి ఇళ్ళల్లో దోశ వెయ్యరు, పోస్తారు. అట్లు కూడా పోస్తారు. మీ ఇంట్లో అలా అంటే దోశ తీసేసి ఆమ్లెట్ పెట్టుకోండి. ఆమ్లెట్ అందరూ వేస్తారు.)

ఈ జోకును రేపు స్కూల్లో మీ ఫ్రెండ్‌కి ఇంగ్లీషులో చెప్పి చూడండి. చలిని ఏమంటారు? తలుపుని ఏమంటారు? స్వెటర్‌కి ఒక మాట, దోశకి ఇంకో మాట వస్తుంది. అన్నీ వేరు వేరు మాటలైపోయి జోకు మాయమైపోతుంది. మీ ఫ్రెండ్ మర్యాద కొద్దీ "ఓకే" అంటాడు. అది మీ తప్పు కాదు, మీ ఫ్రెండ్ తప్పూ కాదు. ఆ జోకు తెలుగులోనే పుట్టింది, తెలుగులోనే ఉంటుంది. మీ క్లాసులో దాన్ని అర్థం చేసుకుని నవ్వగలిగింది బహుశా మీరొక్కరే. అది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

స్కూల్లో మీరు ఐరిష్ భాష కూడా నేర్చుకుంటున్నారు కదా. ఆకలి వేస్తే ఏమంటారు? "తా ఓక్రస్ ఓరమ్." అంటే "నా మీద ఆకలి ఉంది" అని. భయం కూడా అంతే, నా మీద భయం ఉంటుంది. మనకి ఆకలి వేస్తుంది, వాళ్ళ మీద ఆకలి ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు మాత్రం "నేను ఆకలిగా ఉన్నాను" అంటారు. ఈ విషయంలో మన తెలుగు ఇంగ్లీషు కంటే ఐరిష్‌కే దగ్గరగా ఉంది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో పిల్లల ఐరిష్ పుస్తకంలో ఇది చూసి భలే సంతోషపడ్డాను.

ఇక అసలు విషయానికి వస్తాను. తెలుగు నేర్చుకునే పిల్లలకి ముందు పద్యాలు నేర్పాలా, పాటలు నేర్పాలా, అక్షరాలు దిద్దించాలా అని పెద్దవాళ్ళం చాలా మాట్లాడుకుంటాం. అవన్నీ కావాలి. కానీ నన్నడిగితే ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ముందు ఒక మంచి జోకు రావాలి. వీడియో కాల్‌లో అమ్మమ్మకి చెబితే ఆవిడ పకపకా నవ్వాలి. అలాంటిది ఒక్కటి చాలు.

ఎందుకంటే ఇప్పుడు జరుగుతున్నది దానికి తిరగేసిన పని. మీరు జోకు వేయకుండానే అవతలివాళ్ళు నవ్వుతున్నారు. మా తరగతికి వచ్చే ఒక అబ్బాయి ఫోన్‌లో "తాతయ్య వచ్చింది" అన్నాడట. అటుపక్క గదినిండా ఉన్న చుట్టాలు ఘొల్లున నవ్వారు. "మళ్ళీ అనరా, మళ్ళీ అను" అని ఇంకోసారి అనిపించుకున్నారు. వాళ్ళు ముద్దుకే నవ్వారు, నాకు తెలుసు. కానీ పదేళ్ళ పిల్లాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ అబ్బాయి ఫోన్‌లో మూడు మాటలే మాట్లాడాడు: "ఊఁ", "బాగున్నా", "అమ్మకి ఇస్తా". మీలో కూడా కొంతమంది ఈ మూడు మాటల మీదే బండి నడిపిస్తున్నారని నాకు అనుమానం. ఈ పేరా మీ ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించండి. టీచర్ చదవమన్నారని చెప్పండి.

"తాతయ్య వచ్చింది" ఎందుకు తప్పు? తెలుగులో అమ్మాయి వచ్చినా, పిల్లి వచ్చినా, బస్సు వచ్చినా "వచ్చింది" అనే అంటాం. అబ్బాయి అయితే "వచ్చాడు". తాతయ్య పెద్దవారు కాబట్టి "వచ్చారు". అమ్మాయికీ బస్సుకీ ఒకే మాట ఏమిటని మీకు కోపం రావచ్చు. వస్తే న్యాయమే. కానీ అందులోనే ఒక జోకు దాక్కుని ఉంది. చూడండి:

"హోంవర్క్ ఏది?"

"తినేసిందండీ."

"మీ కుక్కా?"

"మాకు కుక్క లేదండీ. మా చెల్లి."

కుక్క తిన్నా "తినేసింది", చెల్లి తిన్నా "తినేసింది". పైగా తెలుగులో ఎవరు తిన్నారో చెప్పకుండానే వాక్యం పూర్తయిపోతుంది. టీచర్ పాపం కుక్క అనుకున్నారు. ఇంగ్లీషులో ఇలా కుదరదు. తిన్నది ఎవరో ముందే చెప్పాలి, చెప్పగానే గుట్టు బయటపడిపోతుంది. ఏ "ది" వల్ల మిమ్మల్ని చూసి నవ్వారో, ఆ "ది"తోనే మీరు వాళ్ళని నవ్వించవచ్చు. (చెల్లి లేనివాళ్ళు అక్కని పెట్టుకోండి. తమ్ముడిని పెడితే మాత్రం పని చేయదు. ఎందుకు పని చేయదో మీ నోట్‌బుక్‌లో రాయండి.)

ఇప్పుడు జోకు ఎలా వేయాలో చూద్దాం. నాకు తెలిసినంతలో అన్నిటికంటే ముఖ్యమైనది చివరి మాట. ఐరిష్ వాక్యంలో క్రియ మొదట వస్తుంది, ఇంగ్లీషులో మధ్యలో వస్తుంది, తెలుగులో చివర వస్తుంది. చివరిదాకా వినకపోతే తినేసిందో, పారేసిందో, దాచిపెట్టిందో తెలియదు. అందుకే తెలుగు వాక్యం మామూలుగానే కొంచెం ఊరిస్తుంది. జోకు వేసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? మనం చేయాల్సిందల్లా నవ్వు పుట్టించే మాటని వాక్యం చివరికి నెట్టి, దాని ముందు చిన్న ఊపిరి తీసుకోవడమే. "మా చెల్లి తినేసింది, కుక్క కాదు, మాకు కుక్క లేదు" అని మాటల వరస మార్చి చెప్పి చూడండి. అవే మాటలు, కానీ నవ్వు రాదు. జోకు పేలలేదు.

అన్నట్టు, తెలుగులో జోకు "పేలింది" అంటే అందరూ నవ్వారని అర్థం. ఇంగ్లీషులో జోకు బాంబు అయిందంటే ఎవ్వరూ నవ్వలేదని. మీరు రెండు భాషల పిల్లలు కాబట్టి ఎక్కడ ఏం పేలుతోందో కాస్త చూసుకోండి.

రెండో సంగతి మొహం. జోకు చెప్పేముందే "ఇది చాలా ఫన్నీ, విను విను" అనకండి. విన్నవాళ్ళు "సరే, చూద్దాం ఎంత ఫన్నీయో" అని చేతులు కట్టుకుని కూర్చుంటారు. మధ్యలో మీరే నవ్వేస్తే వాళ్ళకి నవ్వడానికి ఏమీ మిగలదు. ముళ్ళపూడి వెంకటరమణగారు రాసి, బాపుగారు బొమ్మలు వేసిన "బుడుగు" పుస్తకం మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. 1950ల నాటి పుస్తకం. అందులో బుడుగు మీకంటే చిన్నవాడు. వాడు ఒక్కసారి కూడా జోకు చెబుతున్నానని అనుకోడు. పెద్దవాళ్ళ ప్రపంచం గురించి తనకు తెలిసిన గొప్ప సంగతులు మనకి సీరియస్‌గా చెబుతుంటాడు. నవ్వేది మనం.

బ్రహ్మానందంగారు మీకు తెలుసు. సినిమాలు చూడకపోయినా ఆయన మొహం తెలుసు. మీ నాన్నగారి వాట్సాప్‌లో సగం స్టిక్కర్లు ఆయనవే. సినిమాల్లోకి రాకముందు ఆయన తెలుగు లెక్చరర్. (మా టీచర్లలో ఎంత ప్రతిభ దాగి ఉంటుందో చూశారా?) ఎక్కువ సినిమాల్లో నటించినందుకు ఆయన పేరు గిన్నిస్ బుక్‌లో కూడా ఎక్కింది. ఆయనకి పేరు తెచ్చిన సినిమా 1987లో జంధ్యాలగారు తీసిన "అహ నా పెళ్ళంట". అందులో కోట శ్రీనివాసరావుగారిది పిసినారి పాత్ర. ఆ పిసినారి కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. అదే కోడికూర అనుకోవాలన్నమాట. ఆ సీన్ దొరికితే చూడండి. చూసేటప్పుడు ఆయన మొహం మాత్రమే గమనించండి. నిజంగానే భోజనం చేస్తున్నట్టు ఉంటుంది. "నేనిప్పుడు కామెడీ చేస్తున్నాను" అని ఎక్కడా కనిపించదు.

మూడోది, జోకు చెప్పాక వివరించకండి. నవ్వకపోతే వదిలేయండి. జోకుని విప్పి చూపిస్తే గడియారం విప్పినట్టే, స్క్రూలు మిగులుతాయి, టైము ఉండదు. నేను పైన దోశ జోకుని విప్పాను కదా అంటారా? నేను టీచర్‌ని, అది నా ఉద్యోగం.

ఇవి మూడూ కలిపి వాడటానికి మన పాత కథ ఒకటి చాలా బాగుంటుంది. తెనాలి రామకృష్ణుడి కథ. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన రాజు. ఆయన కొలువులో రామకృష్ణుడు ఉండేవాడని, ఇలా చేశాడని, అలా చేశాడని బోలెడు కథలు. అవన్నీ నిజంగా జరిగాయా అని పండితులు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. ఐదు వందల ఏళ్ళ నాటి మనిషి గురించి తాతలు మనవలకి చెబుతూ వచ్చిన కథలు అవి. నేను చెప్పేది చిన్నప్పటి రామకృష్ణుడి కథ. నేను ఆగమన్నచోట ఆగి, పైకి చదవండి.

రామకృష్ణుడు రాత్రిపూట కాళికాదేవి గుడిలో కూర్చుని మంత్రం జపించాడు. తెల్లవార్లూ జపించాడు. అమ్మవారు ప్రత్యక్షమైంది. ఎలా? వెయ్యి తలలతో! (ఇక్కడ గొంతు పెంచండి. వినేవాళ్ళు కొంచెం భయపడాలి.) వెయ్యి తలలు, రెండే చేతులు. ఇంకెవరైనా అయితే మూర్ఛపోయేవాళ్ళు. రామకృష్ణుడు మాత్రం... (ఆగండి. ఒకటి, రెండు లెక్కపెట్టండి.) నవ్వాడు. "ఎందుకురా నవ్వుతున్నావ్?" అని అమ్మవారు ఉరిమింది. రామకృష్ణుడు చేతులు జోడించి వినయంగా అన్నాడు, "ఏం లేదమ్మా. నాకు ఉన్నది ఒక్క ముక్కు. జలుబు చేస్తే తుడుచుకోవడానికి ఈ రెండు చేతులూ చాలట్లేదు. మరి నీకు..." (ఇక్కడ ఆగి, పైకి కిందకి, ఆ చివర నుంచి ఈ చివరికి వెయ్యి ముక్కులనీ చూసినట్టు చూడండి. తొందరపడకండి.) "...జలుబు చేస్తే?"

అమ్మవారికి నవ్వొచ్చేసింది. "నువ్వు వికటకవివి అవుతావు పో" అంది. ఆ మాటని వెనకనుంచి చదివినా వి-క-ట-క-వి అనే వస్తుంది, రాసి చూసుకోండి.

అక్టోబరు నుంచి మార్చి దాకా ముక్కు కారుతూనే ఉండే దేశంలో పెరుగుతున్న మీకంటే ఈ కథ బాగా ఎవరు చెప్పగలరు? నటించక్కర్లేదు కూడా. ఇక గమనించండి, రామకృష్ణుడు దేవతని వెక్కిరించలేదు. ఆవిడ కష్టం గురించి ఆలోచించాడు. మొదట తన ముక్కుతో మొదలుపెట్టాడు. అందుకే ఆవిడ కోపం నవ్వైంది.

జోకుల్లో నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది ఇక్కడే: ఎవరి మీద వేస్తున్నాం? ఇక్కడి స్కూళ్ళలో స్లాగింగ్ ఉంటుంది. ఫ్రెండ్స్ ఒకరినొకరు ఏడిపించుకుంటారు. ఇష్టం ఉన్నవాళ్ళనే ఏడిపిస్తారట. మొదట్లో నాకు వింతగా అనిపించింది, తర్వాత ఆలోచిస్తే మనకీ ఉందిగా! బావామరదళ్ళు వేళాకోళం ఆడుకుంటారు. తాతయ్య మనవరాలిని ఆటపట్టిస్తారు, మనవరాలు తిరిగి పట్టిస్తుంది. పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని పాటలు పాడి మరీ ఏడిపిస్తారు. మన తెలుగులో ఈ పనికి ఎన్ని మాటలున్నాయో చూడండి: పరాచికం, వేళాకోళం, వెటకారం, ఎగతాళి, వెక్కిరింపు. మొదటిదాంట్లో ఇద్దరూ నవ్వుతారు. చివరిదాంట్లో ఒకరే నవ్వుతారు. మధ్యలో ఎక్కడ గీత ఉందో మీ ఎదుటివాళ్ళ మొహం చూస్తే తెలుస్తుంది, పుస్తకం చూస్తే తెలియదు. వెటకారానికి గోదావరి జిల్లాలవాళ్ళు పేరుపడ్డారు, అక్కడ అది వంటలో ఉప్పులాంటిది. మీ తాతగారిది ఆ వైపైతే మీకు నేను చెప్పేది ఏమీ లేదు.

సినిమా కామెడీ సీన్లు మీరు అనుకరిస్తుంటారు. బాగుంటుంది. కానీ నత్తిగా మాట్లాడేవాళ్ళ మీద, లావుగా ఉన్నవాళ్ళ మీద, నల్లగా ఉన్నవాళ్ళ మీద తీసిన కామెడీ మన సినిమాల్లో చాలా ఉంది. అవి నా క్లాసులో చెప్పనివ్వను. మీకు యాస ఉందని ఎవరో నవ్వితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంకొకరి నత్తి మీద మీరెలా నవ్వుతారు?

ఈ విషయంలో ఐర్లండ్‌వాళ్ళ తెలివి నాకు నచ్చింది. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఐరిష్‌వాళ్ళని తెలివితక్కువవాళ్ళుగా చూపించే జోకులు తెగ చెప్పుకునేవారు. ఐరిష్‌వాళ్ళు ఏం చేశారు? "ప్యాడీ ఐరిష్‌మన్, ప్యాడీ ఇంగ్లిష్‌మన్, ప్యాడీ స్కాట్స్‌మన్" అని ముగ్గురి జోకులు చెప్పుకున్నారు. మీ స్కూల్ యార్డులో వినే ఉంటారు. అందులో చాలాసార్లు చివరికి గెలిచేది ఎవరు? ఐరిష్‌మనే. తమ మీద వేసిన జోకుని తీసుకుని తామే తిరిగి వేశారు. "తినేసింది" జోకుతో మీరు చేయబోయేదీ అదే.

అన్ని జోకులూ దోశ జోకులా ఒకే భాషకి అతుక్కుని ఉండవు. కొన్ని హాయిగా దేశాలు దాటుతాయి. కెర్రీ కౌంటీవాళ్ళు ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తారని ఇక్కడ ఒక సరదా మాట. ఒకాయన కెర్రీ మనిషిని అడిగాడట, "మీ ఊరివాళ్ళు ప్రశ్నకి ప్రశ్నే జవాబుగా చెబుతారట, నిజమేనా?" "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు కెర్రీ మనిషి. దీన్ని మీ తాతయ్యకి చెప్పండి. కెర్రీ తీసేసి మీ పక్క ఊరి పేరు పెట్టండి. ఇంకా బాగా పేలుతుంది.

ఇక మూడో రకం ఉంది, అది మీకు మాత్రమే సొంతం. ఇక్కడ సరదాని క్రాక్ అంటారు కదా. తెలుగులో ఎవరికైనా "క్రాక్" అంటే కాస్త పిచ్చి ఉందని. మీరు ఫోన్‌లో "తాతయ్యా, మా స్కూల్లో రోజూ మంచి క్రాక్" అన్నారనుకోండి. తాతయ్య కంగారుగా "డాక్టరుకి చూపించారా?" అంటారు. హైదరాబాదులో ఉన్న మీ కజిన్‌కి ఈ జోకు తట్టదు. డబ్లిన్‌లో ఉన్న మీ ఐరిష్ ఫ్రెండ్‌కీ తట్టదు. రెండు వైపులా కాలు పెట్టినవాళ్ళకే దొరుకుతుంది. వెతకండి, ఇలాంటివి ఇంకా చాలా ఉంటాయి. నేను పెద్దయ్యాక వచ్చాను కాబట్టి నాకు ఒకటీ రెండే దొరికాయి.

ఈ వారం పని చెబుతాను. ఇది నా సొంత ఆలోచన కాదు, ఐర్లండ్ పిల్లలు ఎప్పుడో చేసిన పని. 1937 నుంచి 1939 వరకు ఈ దేశంలో సుమారు 5,000 స్కూళ్ళలో పెద్ద తరగతుల పిల్లలు, దాదాపు 50,000 మంది, ఇళ్ళకు వెళ్ళి అమ్మానాన్నల్ని, తాతయ్యల్ని, నానమ్మల్ని, ఇరుగుపొరుగుని అడిగి పాత సంగతులు రాసుకొచ్చారు. క్లాసులో వ్యాసం రాసే టైములో ఇది రాసేవారు. ఏమేం అడగాలో టీచర్లకి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో దాచిపెట్టిన నిధుల కథలు, ఇంటి మందులు, వాతావరణం గురించిన మాటలు, పొడుపు కథలు, ఇంకా ఒక నవ్వొచ్చే కథ కూడా ఉన్నాయి. దీన్ని స్కూల్స్ కలెక్షన్ అంటారు. ఆ కాగితాలన్నీ డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉన్నాయి. దూఖస్ వెబ్‌సైటులో మీ ఊరి పేరు వెతికితే మీ వయసు పిల్లల చేతిరాత కనిపిస్తుంది. కొందరు ఐరిష్‌లో రాశారు, కొందరు ఇంగ్లీషులో రాశారు.

మీరు తెలుగులో రాయండి. అమ్మమ్మనో తాతయ్యనో ఒక నవ్వొచ్చే కథ అడగండి. ముందు మీ జోకు చెప్పండి, అప్పుడు వాళ్ళ దగ్గర నుంచి రెండు వస్తాయి. వాళ్ళు చెప్పినట్టే, వాళ్ళ మాటల్లోనే రాయండి, బాగు చేయకండి. తెలియని మాట వస్తే మళ్ళీ చెప్పమనండి. ఆ పిల్లలు చేసినట్టే కింద చెప్పినవారి పేరు, వయసు, ఊరు రాయండి. ఆదివారం పొద్దున్న 11:30కి ఫోన్ చేస్తే ఎండాకాలంలో అక్కడ నాలుగు, చలికాలంలో ఐదు అవుతుంది. నిద్ర లేచి కాఫీ తాగే వేళ. కప్పు కింద పెట్టాకే చివరి మాట చెప్పండి, లేకపోతే కాఫీ ఒలుకుతుంది.